పుట్టిన వరుస కాదు, పెంచిన తీరు

పెద్దవాడు నెమ్మదస్తుడు, నడిమివాడు మొండివాడు, కడగొట్టువాడు గారాబంతో చెడ్డాడు. ఏ వూరి రచ్చబండ దగ్గర కూర్చున్నా పిల్లల గురించి ఈ మాటే వినిపిస్తుంది. మాటల వరకే అయితే నష్టం లేదు. ఎవరికి కాలేజీ ఫీజు కట్టాలి, ఎవరిని పొలం పనికి నిలిపివేయాలి అన్న నిర్ణయాలు కూడా ఈ నమ్మకం మీదే జరిగిపోతున్నాయి. చిక్కంతా అక్కడే వుంది.

ఇది పల్లెవాసుల నమ్మకం మాత్రమే కాదు. వియన్నాకు చెందిన వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ సుమారు నూరేళ్ల కిందటే ఇటువంటి సిద్ధాంతం చెప్పాడు. తమ్ముడో చెల్లెలో పుట్టగానే పెద్దబిడ్డ గద్దె దిగిన రాజులా కుములుతాడన్నాడు.

తర్వాతి లెక్కలు వేరుగా తేలాయి. 2015లో జర్మనీ పరిశోధకులు అమెరికా, బ్రిటన్, జర్మనీ దేశాలలో 20 వేల మందికి పైగా వివరాలు పరిశీలించారు. కలుపుగోలుతనం, శ్రద్ధ, బెదురు, సర్దుకుపోయే గుణం వంటి వాటికి పుట్టిన వరుసతో సంబంధం కనిపించలేదు. తెలివి పరీక్షలలో మాత్రం పెద్దవాళ్లు కొద్దిగా ముందున్నారు.

ఆ కొద్దిపాటి తేడా ఎక్కడిదో నార్వే పరిశోధకులు 2007లో చెప్పారు. సైన్యంలో చేరే వయసున్న సుమారు 2 లక్షల 40 వేల మంది యువకుల మార్కులు చూశారు. అన్న పసితనంలోనే చనిపోగా ఇంటికి పెద్దవాడుగా పెరిగిన రెండో కొడుకు, తొలిచూలు కొడుకులతో దాదాపు సమానంగా నిలిచాడు. తేడా తల్లి కడుపులో లేదు, ఇంట్లో వుందన్న మాట.

మన దేశం సంగతి మరీ బాధాకరం. ఆర్థికశాస్త్రజ్ఞులు సీమా జయచంద్రన్, రోహిణి పాండే 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, మన తొలి కొడుకులు ఎత్తులో ఆఫ్రికా పిల్లలకు తీసిపోలేదు. వరుస పెరిగేకొద్దీ పిల్లలు పొట్టిగా వున్నారు. పెద్దకొడుకు మీద మమకారం మిగతా పిల్లల కంచం దాకా వచ్చిందని దీని అర్థం.

అలాగని పెద్దవాళ్లందరూ సుఖపడుతున్నారా? తల్లి నాట్లకు పోతే చంటిబిడ్డను చూసేది పెద్దకూతురే. బడి మాని తమ్ముణ్ణి చంకనేసుకున్న పిల్లకు ఓర్పు ఎక్కువని వూరు మెచ్చుకుంటుంది. వేరే దారి లేని పిల్ల ఓర్చుకోక ఏం చేస్తుంది?

తండ్రి మంచాన పడితే ముందుగా చదువు మానేది పెద్దకొడుకు. ట్రాక్టరు నడిపి, కూలికి పోయి తమ్ముణ్ణి ఇంజనీరింగు చదివిస్తాడు. పదేళ్లు గడిచేసరికి తమ్ముడికి పట్నంలో ఇల్లు, అన్నకు అప్పు కాగితం మిగులుతాయి. పంపకాల నాడు ఇద్దరికీ సమభాగం అంటారు. అన్న నోరు విప్పితే అసూయపరుడని ముద్ర వేస్తారు. ఆ కోపం పుట్టుకతో వచ్చింది కాదు, ఆ ఇల్లు ఇచ్చిందే.

చేతిలో వున్నది కొంచెం, అందరినీ చదివించే స్తోమత ఎక్కడిదని తల్లిదండ్రులు అడగవచ్చు. రెండెకరాల మెట్ట రైతుకు ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల బిడ్డలందరికీ ఉచిత చదువు ఇచ్చింది. పెద్దపిల్లకు మినహాయింపు లేదు. 2005 నాటి సవరణతో హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు వచ్చింది. చట్టానికి వరుస లేదు. ఇంటికే వుంది.

ఎవరినైనా చదువు మాన్పించక తప్పకపోతే, వరుస చూసి కాక బిడ్డ ఆసక్తి చూసి, వారితో చెప్పి చేయాలి. మానుకున్నవారి కష్టానికి పంపకాల నాడు లెక్క కట్టాలి. చదువుకొని ఉద్యోగం పొందినవారు ఇంటి అప్పులో వాటా ఎత్తుకోవాలి. బడి మానిన ఆడపిల్లకు ఓపెన్ స్కూలులో పదో తరగతి కట్టించాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

పిల్లల బుద్ధులను వరుస మీదకు తోసి తల్లిదండ్రులు తప్పుకోరాదు. ఏ బిడ్డకు ఎంత బరువు, ఎంత ముద్ద పెడుతున్నామో రాత్రి అన్నాల వేళ ఒక్కసారి చూసుకుంటే చాలు, ఎవరెందుకు అలా తయారవుతున్నారో తెలిసిపోతుంది.