లైసెన్సుకు ఉత్తర్వు, కులానికి విన్నపం

2024 డిసెంబర్ 26న మన్మోహన్ సింగ్ కన్నుమూశాక వచ్చిన నివాళులన్నీ దాదాపు ఒకే పాఠం చదివాయి. 1991లో దేశాన్ని గట్టెక్కించిన మేధావి, మితభాషి, మచ్చలేని మనిషి అని. ఆయన నిజాయితీ మీద నాకు పేచీ లేదు. ఆర్థికశాస్త్రంలో పిహెచ్‌డి చేస్తున్న దళిత విద్యార్థిగా నా పేచీ వేరు. ప్రభుత్వ ప్రధాన ఆర్థిక సలహాదారు, రిజర్వు బ్యాంకు గవర్నరు, ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు, ఆర్థిక మంత్రి, పదేళ్ల ప్రధాని: ఆర్థిక విధానాన్ని నడిపే ముఖ్యమైన కుర్చీలన్నిటిలోనూ ఆయన కూర్చున్నారు. ఆ అధికారాన్ని ఎవరి కోసం ఉత్తర్వుగా వాడారు? ఎవరి దగ్గరికొచ్చేసరికి అది విన్నపంగా మారింది?

1991 జూలై చూడండి. 1న, 3న రెండు దఫాలుగా రూపాయి విలువ తగ్గించారు. 24న మన్మోహన్ బడ్జెట్ పెట్టారు. అదే రోజు పి.వి. నరసింహారావు ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించి, 18 పరిశ్రమలకు తప్ప మిగతా అన్నిటికీ లైసెన్సు ఎత్తేసింది. ప్రభుత్వ రంగానికే కేటాయించిన పరిశ్రమలను 17 నుంచి 8కి తగ్గించింది. ప్రభుత్వ సంస్థల్లో వాటాల అమ్మకం ఆ ఆర్థిక సంవత్సరంలోనే మొదలైంది. గుర్తుంచుకోండి, అది పార్లమెంటులో మెజారిటీ లేని ప్రభుత్వం.

విదేశీ మారక నిల్వలు అడుగంటాయి, వేరే దారి లేదంటారు. సరే, లైసెన్సు రాజ్‌ను మళ్లీ తెమ్మని నేనూ అడగడం లేదు. కానీ రాజ్యాంగంలోని 16(4) అధికరణ కింద రిజర్వేషన్ ప్రభుత్వ కొలువుకే వర్తిస్తుంది. మన వాడల్లో ఎన్నో ఇళ్లకు మొదటి నెలజీతం వచ్చింది రైల్వే నుంచో, బ్యాంకు నుంచో, సింగరేణి నుంచో. 1992 నవంబరులో సుప్రీంకోర్టు మండల్ కోటాను సమర్థించి బీసీలకు కేంద్ర కొలువుల తలుపు తెరిచేనాటికే ఆ ఇంటిని కుదించడం మొదలైంది. కొత్త అవకాశాలు ప్రైవేటు రంగంలో పుడుతుంటే, సామాజిక న్యాయాన్ని గడప బయటే నిలబెట్టారు.

ఈ సంగతి ఆయనకు తెలియదా? తెలుసు. 2004లో యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమం ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల అంశంపై వెంటనే జాతీయ స్థాయి చర్చ మొదలుపెడతామని మాటిచ్చింది. 2006 ఏప్రిల్‌లో సీఐఐ సమావేశంలో ప్రధానిగా ఆయన పారిశ్రామికవేత్తలను స్వచ్ఛందంగా ముందుకు రమ్మని కోరారు. జె.జె. ఇరానీ నాయకత్వంలోని పరిశ్రమల బృందం తప్పనిసరి రిజర్వేషన్ వద్దంది, స్వచ్ఛంద నియమావళి చాలంది. చట్టం రాలేదు. లైసెన్సు ఎత్తేయడానికి ఒక్క రోజు చాలింది. మన వాటా కోసం పదేళ్లు చాలలేదు.

సంకీర్ణ ప్రభుత్వం కదా, ఏం చేస్తారు అనేవాళ్లకు 2008 జూలై గుర్తుచేయాలి. అమెరికాతో అణు ఒప్పందం కోసం వామపక్షాల మద్దతు పోయినా ఆయన వెనక్కి తగ్గలేదు. ప్రభుత్వాన్నే పణంగా పెట్టి 22న విశ్వాస పరీక్షకు నిలబడి 275-256తో నెగ్గారు. తెగింపు లేని మనిషి కాదు. ఆ తెగింపు మన కోసం ఖర్చు కాలేదు, అంతే.

ఆయన హయాంలో మంచి జరగలేదని కాదు. ఉపాధి హామీ, అటవీ హక్కుల చట్టం, కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు 27 శాతం కోటా వచ్చాయి. నేను చదువుతున్నది కూడా 2005-06లో మొదలైన ఎస్సీ ఫెలోషిప్ మీదే. అయితే చదువు దాకా చెయ్యి పట్టుకుని తెచ్చిన రాజ్యం, డిగ్రీ చేతికొచ్చాక కులం, పరిచయాలు, ఇంటిపేరు చూసే ఉద్యోగ మార్కెట్లో మనల్ని వదిలేసింది.

2006 డిసెంబరులో ఢిల్లీ సదస్సులో ఆయనే అంటరానితనాన్ని దక్షిణాఫ్రికా అపార్థీడ్‌తో పోల్చారు. ఒక భారత ప్రధాని అంత సూటిగా మాట్లాడటం గొప్పే. మరి అపార్థీడ్ కూలిన దేశం ఏం చేసింది? 1998లో ఉద్యోగ సమానత్వ చట్టం తెచ్చి, ప్రైవేటు యజమానులను కూడా దాని కిందికి తెచ్చింది. రోగం పేరు అక్కడినుంచి తెచ్చుకున్నాం, మందు మాత్రం అక్కడే వదిలేశాం.

అధికారంలో కూర్చున్న మరో ఆర్థికవేత్త మనకున్నాడు. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడైన బాబాసాహెబ్, వలస ప్రభుత్వంలో ఉండి కూడా మరుసటి ఏడాదే కేంద్ర కొలువుల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ ఉత్తర్వు సాధించాడు. ఆయన యజమానుల మంచితనాన్ని నమ్ముకోలేదు. 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతుల్లోనే ఉండాలని, ఆ ఏర్పాటు మారే ప్రభుత్వాల దయ మీద కాక రాజ్యాంగంలోనే ఉండాలని అడిగాడు.

క్లాసురూముల్లో 1991ని విముక్తి కథగా చెప్పినప్పుడల్లా విద్యార్థి మిత్రులు ఒక ప్రశ్న వేయాలి: ఎవరికి విముక్తి? ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ చట్టం రానంతవరకూ ఆ సంస్కరణ సగంలోనే ఆగిపోయినట్టు. మిగతా సగం మనం అడిగి తెచ్చుకోవాల్సిందే, ఈసారి విన్నపంగా కాదు, చట్టంగా.