రెండు పూసలు తక్కువ

మన భాషలో పూసకు మంచి పలుకుబడే ఉంది. జరిగిన సంగతి వివరంగా చెబితే పూసగుచ్చినట్టు చెప్పారంటాం. ఎప్పుడో గాని కనబడని స్నేహితురాలిని నల్లపూస అయిపోయావంటాం. ఇరవై ఏళ్ళుగా ఈ జాతీయాలు క్లాసులో చెబుతున్నాను గాని, నిజంగా పూస గుచ్చటం ఎంత పనో కిందటి వేసవి సెలవుల్లో గాని నాకు తెలిసిరాలేదు.

దానికి కారణం మా అమ్మ.

నెల్లూరులో మా మేనమామ మనవరాలి పెళ్ళి. శుభలేఖ వచ్చిన రోజునే అమ్మ, "మోకాళ్ళ నొప్పులే, నేను రాలేను. మీరు వెళ్ళిరండి" అనేసింది. అంతకు మూడు రోజుల ముందే గోవిందరాజస్వామి గుడిలో ముమ్మారు ప్రదక్షిణం చేసి వచ్చిన మోకాళ్ళవి! అసలు సంగతి మా చిన్నది కనిపెట్టింది. "ఎవరన్నా ఇంటికొస్తే అమ్మమ్మ కొంగు చెవులమీదికి లాక్కుంటోంది, చూశావా అమ్మా?" అంది.

చూస్తే నిజమే. పెళ్ళినాడు పెట్టుకున్న బంగారు బుట్టలు అమ్మ యాభై ఏళ్ళకు పైగా మోసింది. ఒక్కొక్కటి తులం. కుడిచెవి కొంత నయం. ఎడమ తమ్మె మాత్రం సాగి సాగి, చిల్లు కాస్తా చీలికై, కింద చీపురుపుల్లంత కండ మిగిలింది. డాక్టరుకు చూపిస్తే, చీలిక మూసి కుట్లు వేసి, కొన్ని నెలలాగి మళ్ళీ కుట్టించుకోవచ్చన్నారు. "డెబ్భై ఆరో ఏట నాకు చెవులు కుట్టే పండగేమిటే!" అంది అమ్మ. సరే, బరువు మాత్రం వద్దన్నారు డాక్టరు. ఆనాటినుంచీ బుట్టలు భరిణెలోకి చేరాయి.

"బోసి చెవులతో పదిమందిలోకి ఎలా వస్తానే?" అని ఆ రాత్రి చిన్నగా అంది. మోకాళ్ళ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

తేలికైన కమ్మలు బజార్లో దొరకవా అంటే దొరుకుతాయి. వాటిల్లో ఏ లోహం కలిపారో మాత్రం తెలియదు. చవకరకం కమ్మలు పెట్టుకుంటే కొందరికి చెవులు దురదపెట్టి రసి కారటం మీరు చూసే ఉంటారు. తరచుగా దానికి కారణం నికెల్. ఒంటికి తగిలే నగల్లో నికెల్‌మీద ఐరోపా దేశాలు 1994లోనే ఆంక్షలు విధించాయి. అమ్మ చెవితో ప్రయోగాలు చెయ్యబుద్ధి కాలేదు. రాళ్ళు ఊడిపోయిన పాత దుద్దులు ఇంట్లో పడి ఉన్నాయి. వాటి శీలలు మంచి బంగారమే. కంసాలిచేత ఆ దుద్దులకు కింద చిన్న వలయం, వెనక వెడల్పాటి బిళ్ళ పెట్టించాను. తీగ కొక్కెమైతే సన్నగా ఉండి, సాగిన చెవిని ఇంకా కోస్తుంది. వెడల్పు బిళ్ళ చెవిని వెనకనుంచి ఆనుకుని బరువు పంచుకుంటుంది. ఇక వేలాడే పూసలు నా వంతు.

పూసలకు మేము దూరం పోనక్కర్లేదు. తిరుపతికి దగ్గర్లోనే, ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట ఉంది. గాజుపూసలకు పేరుపడ్డ ఊరు. కొలిమిలో కరిగిన గాజుముద్దను ఇనపగొట్టానికి పట్టించి, దానినుంచి సన్నని బోలుగొట్టం సాగదీయటం అక్కడి పద్ధతి. ఆ గొట్టాన్ని చిన్న ముక్కలుగా నరికి, చిల్లులు పూడిపోకుండా బూడిదతో కలిపి మళ్ళీ వేడిచేస్తే పదునంచులు కరిగి నునుపుదేరతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో ఇంచుమించు రెండువేల ఏళ్ళనాడే ఈ తరహా పూసలు చేశారు. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపించిన చోటే అది. అంతటి పాతపద్ధతి పాపానాయుడుపేటలో నిలిచి ఉందని అమెరికా పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ లోకానికి రాసి చెప్పాడు.

చేత్తో సాగదీసిన పూసలు గదా, ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి ఏటవాలు. ఏరుకోవాలి. నేను పళ్ళెంలో తెల్లగుడ్డ పరిచి కూర్చుంటే, అమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. బియ్యంలో మట్టిగడ్డలు ఏరిన చెయ్యి అది. నేను పది ఏరేలోగా ఆవిడ యాభై ఏరింది.

"ఎవరికే ఇవి?" అంది.

"మా కాలేజీ పిల్లకు" అన్నాను. అబద్ధమే.

పూసలకు నంబర్లుంటాయి. నంబరు పెరిగినకొద్దీ పూస చిన్నది. సామాన్యంగా వాడే 11 నంబరు పూస అడ్డంగా రెండు మిల్లీమీటర్లుంటుంది. అలాంటివి వంద పైచిలుకు కలిస్తే గాని గ్రాము తూగవు. అందుకని ఆ కొలత పగడపురంగు పూసలు తీసుకున్నాను. ఒక చివర గుండుసూదికున్నట్టు తల ఉండే తీగ దొరుకుతుంది. దానికి మొదట ఒక తెల్ల ముత్యప్పూస, దానిమీద పదమూడు పగడాలు ఎక్కించాను. పైన మిగిలిన తీగను సెంటీమీటరు ఉంచి కత్తిరించి, మొదట్లో పక్కకు వంచి, గుండ్రటి ముక్కున్న పట్టకారుతో చుట్టతిప్పాలి. ఆ పట్టకారు ముక్కు మొదట లావు, చివర సన్నం. ఒకసారి ఇక్కడా ఒకసారి అక్కడా పట్టి తిప్పితే ఒక చుట్ట పెద్దది, ఒకటి చిన్నది అవుతుంది. నా మొదటి నాలుగూ అలాగే చెత్తబుట్ట పాలయ్యాయి. చివరకు పట్టకారు ముక్కుమీద సిరాతో గీత పెట్టుకుని, అక్కడే పట్టి తిప్పాను. అప్పుడు కుదిరింది. వేలాడేది మొత్తం గ్రాముకు మించదు.

పళ్ళెంలో పక్కపక్కన పెడితే రెండూ కవలపిల్లలే! గర్వంగా తీసుకెళ్ళి, "నీకేనమ్మా" అని అమ్మ చెవులకు పెట్టి, అద్దం చేతికిచ్చాను.

ఎడమది కిందికి దిగి ఉంది. చూసినవాళ్ళ దృష్టి ముందు ఆ చెవిమీదికే పోతుంది. నేను దాచాలనుకున్న లోపాన్ని నా కమ్మే వేలెత్తి చూపిస్తోంది. అమ్మ ఏమీ అనలేదు. "బాగున్నాయే" అంటూనే కొంగు పైకి లాక్కుంది. ఇంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది.

రాత్రంతా తప్పు ఎక్కడుందా అని లెక్కలు చూసుకున్నాను. పూసలు సమానం, చుట్టలు సమానం. తెల్లారి కాఫీ తాగుతూ అమ్మ తనే అంది: "ఎడమదాంట్లో రెండు పూసలు తీసెయ్యవే."

"అప్పుడవి జత కావు గదమ్మా!"

"పళ్ళెంలో పెట్టి చూట్టానికా, చెవులకు పెట్టుకోటానికా?"

నా దగ్గర జవాబు లేదు. ఎడమ చిల్లు కుడిదానికంటే మూడు మిల్లీమీటర్లు కిందికి ఉంది. నేను పూసల్ని కొలిచాను గాని, చెవులు కొలవలేదు. తీగ విప్పి, రెండు పగడాలు తీసి, మళ్ళీ చుట్టతిప్పాను. పళ్ళెంలో పెడితే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అమ్మ చెవులకు పెడితే రెండు ముత్యాలూ ఒకే వరసలో నిలిచాయి. అద్దం దించకుండా చాలాసేపు చూసుకుంది.

పెళ్ళికి వచ్చింది. ముందు వరసలో కూర్చుని అక్షింతలు వేసింది. కొంగు భుజంమీదే ఉంది. మా అత్తయ్యగారొకరు ఆ కమ్మలు చూసి, తనకూ ఒక జత చేసిపెట్టమన్నారు. "అలాగే అత్తయ్యా, ముందు మీ చెవులు ఇటు తిప్పండి" అన్నాను.

మీలో ఎవరన్నా ఇంట్లో పెద్దవాళ్ళకు ఇలాంటివి చెయ్యాలనుకుంటే, ఒక చిన్న మాట. తీగ కత్తిరించేముందు వాళ్ళను అద్దం ముందు నిటారుగా నిలబెట్టి, రెండు చిల్లుల ఎత్తూ చూడండి. చాలామందికి అవి సమానంగా ఉండవు. ఏది ఏ చెవిదో గుర్తు కూడా పెట్టండి. మా అమ్మ ఎడమదాని వలయానికి ఎర్రదారం పోగు ముడివేసుకుంది.

పాత బుట్టలు ఇంకా భరిణెలోనే ఉన్నాయి. చిన్నదాని పెళ్ళినాటికి వాటిని చెరిపించి, తేలిగ్గా రెండు జతలు చేయించమని అమ్మ ఆజ్ఞ.