కిటికీలోంచి కనిపించే పొలం ఎవరిది?

ఈమధ్య మన ఫోన్లలోకి హైదరాబాదు చుట్టుపక్కల వెంచర్లతో పాటు ఇండోనేషియాలోని బాలి దీవి విల్లాలు కూడా వచ్చి చేరాయి. ఈతకొలను, దాని అంచు నుంచి మెట్లు మెట్లుగా దిగిపోయే పచ్చటి వరిచేలు, దూరంగా గడ్డి టోపీ పెట్టుకుని వంగి పనిచేస్తున్న ఒక రైతు. కింద ఏడాదికి ఇంత అద్దె వస్తుందని లెక్క.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బాలి పల్లెకి చుట్టాల్లా వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. కానీ అక్కడి పొలం మీద డబ్బు మాత్రం పెట్టకండి. ఇది మన డబ్బు కోసం ఎంత చెబుతున్నానో, ఆ ఊరి కోసం కూడా అంతే చెబుతున్నాను.

జాతిలువిహ్ అనే ఊరిని ఉదాహరణగా తీసుకుందాం. మా ఇరవయ్యో పెళ్ళిరోజుకి బాలి వెళ్ళినప్పుడు ఒక రోజంతా అక్కడే గడిపాం. తబానన్ జిల్లాలో, బతుకారు కొండ వాలు మీద, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. మూడు వందల హెక్టార్లకు పైగా మెట్ల పొలాలు. ఊరి పేరుకి 'నిజంగా గొప్పది' అని అర్థమట. చేల గట్ల మీద నడవడానికి దారులున్నాయి. ఎర్రబియ్యంతో అన్నమే కాదు, టీ కూడా కాస్తారు. వేయించిన బియ్యం వాసనతో భలే ఉంటుంది. ఆ ఎర్రవడ్లు అక్కడి పాత రకం. పంట చేతికి రావడానికి ఐదారు నెలలు పడుతుంది.

చూడడానికి వచ్చినవాళ్ళకి పచ్చదనం కనిపిస్తుంది. దాన్ని నిలబెట్టేది మాత్రం నీళ్ళ పంపకం. కొండ మీంచి వచ్చే నీటిని కాలవలు, సొరంగాలు, చిన్న చిన్న తూముల ద్వారా పైమడి నుంచి కిందిమడికి పంచుకునే రైతుల సంఘాన్ని అక్కడ 'సుబాక్' అంటారు. దాదాపు వెయ్యేళ్ళ నాటి పద్ధతి. సంఘానికి పెద్దని 'పెకాసెహ్' అంటారు, మన సాగునీటి సంఘం అధ్యక్షుడి లాంటివాడు. ఎవరు ఎప్పుడు నారు పోయాలి, ఎవరి మడికి ఎప్పుడు నీరు వదలాలి అనేవి అందరూ కూర్చుని తేల్చుకుంటారు. నీటి పంపకానికి గుళ్ళున్నాయి, పొలానికి దేవి శ్రీ ఉంది. మన శ్రీదేవి పేరే. దీని వెనకున్న ఆలోచనని వాళ్ళు 'త్రి హిత కరణ' అంటారు. దేవుడితో, తోటి మనుషులతో, ప్రకృతితో సఖ్యంగా ఉండడమే హితానికి మూడు కారణాలని. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఈ సుబాక్ పద్ధతినే. అందులో జాతిలువిహ్ చేలు ఒక భాగం.

ఈ గుళ్ళూ పూజలూ ఉత్త ఆచారం అనుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. 1970లలో ఎక్కువ దిగుబడి కోసం, వీలైనన్ని సార్లు పంట వేయండని అక్కడి ప్రభుత్వం రైతులని తొందరపెట్టింది. గుడి చెప్పే వరస తప్పింది. ఎవరికి వాళ్ళు నాట్లు వేశారు. నీళ్ళకి కొరత వచ్చింది, సుడిదోమ లాంటి పురుగులు విరుచుకుపడ్డాయి. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ పరిశోధకుడు దీన్ని అధ్యయనం చేసి అసలు కిటుకు చెప్పాడు. పక్కపక్క చేలన్నీ ఒకేసారి కోసి, ఒకేసారి ఖాళీగా ఉంచితే పురుగుకి తిండి దొరకదు, చచ్చిపోతుంది. పూజల క్యాలెండరు చేసే పని ఇదీ. అంటే ఒక్క రైతు బాగా పండించుకుంటే చాలదు. కొండవాలంతా ఒక్కమాట మీద ఉండాలి.

ఇప్పుడు ఆ వాలు మధ్యలో పది మళ్ళు తీసి విల్లా కట్టారనుకోండి. నీళ్ళు తిరిగే దారి మారుతుంది. కిందిమడి వాడు ఎవరిని అడగాలి? విల్లా యజమాని సింగపూర్‌లోనో హైదరాబాదులోనో ఉంటాడు. సంఘం సమావేశానికి రాడు, కాలవ పూడిక తీయడు. మా పుట్టింటి ఊళ్ళో కాలవ కింది చేలు నాలుగు ప్లాట్లయ్యాక మిగతా చేలకి వెళ్ళే బోదె పూడిపోయింది. రెండేళ్ళు కొట్లాడి ఆ రైతులు కూడా అమ్ముకున్నారు. మొదటివాడు ఇష్టంతో అమ్ముతాడు, చివరివాడు గత్యంతరం లేక అమ్ముతాడు. బాలిలోనే చంగూ అనే చోట ఒకప్పుడు వరిచేలుండేవి. ఇప్పుడు అక్కడ విల్లాలు, కాఫీ హోటళ్ళు, కదలని ట్రాఫిక్. చేను చూస్తూ కాఫీ తాగుదామని వచ్చినవాళ్ళే చేనుని మింగేశారు.

ఇక డబ్బు సంగతి. మా ఆడపడుచు వాళ్ళు అమ్మాయి చదువుకని దాచిన సొమ్ములో కొంత అక్కడ పెడదామన్నారు. "ముప్ఫై ఏళ్ళు మనదే కదా వదినా, అద్దెలతోనే పెట్టుబడి వచ్చేస్తుందిట" అంది తను. కాగితాలు కలిసి చదివాం. అది కొనడం కాదు, ముప్ఫై ఏళ్ళ కౌలు. 1960 నాటి వాళ్ళ భూమి చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకే. విదేశీయులకి దొరికేది కౌలు, లేదా గడువున్న వినియోగపు హక్కు. గడువు తీరాక పొడిగింపు అనేది మళ్ళీ మాట్లాడుకోవాల్సిన విషయం. మన బ్రోచర్లో మాత్రం 'సొంత' అనే మాట నాలుగుసార్లు ఉంది. అక్కడ భూమిని 'అరె' లెక్కన చెబుతారు. ఒక అరె అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 120 గజాలు. గజం ధరతో పోల్చి "చవకే" అనుకునే ముందు, ఇది ముప్ఫై ఏళ్ళ అద్దె ధర అని గుర్తుపెట్టుకోవాలి.

కొందరు అడ్డదారి కూడా చెబుతారు. అక్కడి మనిషి పేరు మీద కొని, వెనక ఇంకో ఒప్పందం రాయించుకోవడం. మన భాషలో బినామీ. ఆ చట్టం దీన్ని చెల్లదంటుంది. దొరికితే భూమి ప్రభుత్వానికి పోతుంది. "అమ్మాయి చదువు డబ్బు చదువుకే ఉంచు. అమ్ముకోలేని ఆస్తి దాని ఫీజు కట్టే రోజుకి అక్కరకి రాదు" అన్నాను. ప్రస్తుతానికి ఆగారు. అన్నయ్యగారికి నా మీద కాస్త కోపంగానే ఉంది, ఉండనివ్వండి.

అయితే ఇంకో పక్క కూడా చూడాలి. "ఆ రైతు పేదరికంలో ఉండి మన కళ్ళకి విందు చేయాలా?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. 2025 డిసెంబరులో జాతిలువిహ్‌లోనే చేల మధ్య నిబంధనలకి విరుద్ధంగా వెలిసిన రెస్టారెంట్ల లాంటి కట్టడాలని అధికారులు మూసేయించారు. వాటిలో అక్కడివాళ్ళవీ ఉన్నాయి. కోపంతో రైతులు పచ్చటి చేలల్లో రేకులు పాతారు. చూడ్డానికొచ్చినవాళ్ళకి ఎండలో మెరిసే ఆ రేకులే కనిపించాలని. మా పొలాన్ని చూపించి అందరూ సంపాదించుకుంటుంటే మాకు మిగిలేదేమిటన్నది వాళ్ళ బాధ. దానికి మన విల్లా జవాబు కాదు. వాళ్ళ బియ్యానికి మంచి ధర, టిక్కెట్టు డబ్బులో సరైన వాటా, వాళ్ళ ఇళ్ళల్లో మన బస. ఇవీ జవాబులు.

అక్కడి ఆడవాళ్ళని చూశాక నాకిది ఇంకా గట్టిగా అనిపించింది. కొబ్బరాకుతో చిన్న దొప్పెలు అల్లి, పూలు పెట్టి, రోజూ గుమ్మంలో, గుళ్ళో పెడతారు. 'చనాంగ్' అంటారు. మనం పొద్దున్నే ముగ్గేసినట్టు. ఊరి పండగలకి, చావులకి, గుడి పనులకి ప్రతి ఇంటి నుంచీ మనిషి వెళ్ళాల్సిందే. భూమి హక్కు ఈ బాధ్యతలతో ముడిపడి ఉంది. కౌలుకి తీసుకున్నవాడికి గది కిటికీ దక్కుతుంది, బాధ్యత మాత్రం ఆ ఆడవాళ్ళదే.

బాలికి వచ్చే విదేశీయుల్లో ఆస్ట్రేలియా వాళ్ళ తర్వాత ఎక్కువ మంది మనవాళ్ళే. కాబట్టి మన పద్ధతికి విలువుంది. వెళ్తే ఇలా వెళ్ళండి. 2024 నుంచి ఉన్న 1,50,000 రుపయ్యాల పర్యాటక రుసుము ముందే ఆన్‌లైన్లో కట్టేయండి. విల్లా బదులు ఊళ్ళోవాళ్ళ ఇంట్లో గది తీసుకోండి. ఎర్రబియ్యం రెండు కిలోలు రైతు దగ్గరే కొనండి. గట్టు మీద నడవండి, మడిలోకి దిగకండి. మార్చిలో వెళ్తే మౌనదినం 'న్యేపీ' ఎప్పుడో చూసుకోండి. ఆ రోజు విమానాశ్రయం కూడా మూసేస్తారు, వీధిలోకి రానివ్వరు.

చుట్టపుచూపుగా వెళ్ళినచోట ఇల్లు కొనాలనిపించడం సహజమే. కానీ ఆ చేను అందంగా ఉన్నది దాన్ని అమ్మనివాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నందువల్లే.