మైకు దించే వేళ



కెనడాలో శనివారం రాత్రంటే ఐస్ హాకీ. దశాబ్దాల పాటు ఆ రాత్రుల గొంతు వ్యాఖ్యాత బాబ్ కోల్‌ది. 1972 కెనడా–సోవియట్ సిరీస్‌ను రేడియోలో వినిపించిన ఆయనకు 2018 ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. అప్పటికి వయసు 84. ఏడాది తర్వాత, 2019 ఏప్రిల్ 6న మాంట్రియల్‌లో ఆఖరి మ్యాచ్ చెప్పి సెలవు తీసుకున్నారు. అమెరికాలో హాకీ వ్యాఖ్యాత మైక్ ఎమ్రిక్ 2020లో, 74 ఏళ్లకు తనంతట తానే తప్పుకున్నారు.

ఈ సంచిక రచనలన్నీ ఈ రెండు వీడ్కోళ్ల మధ్యే తిరుగుతాయి. 2024లో కోల్ కన్నుమూశాక, వ్యాఖ్యాత ఎప్పుడు, ఎవరి నిర్ణయంతో మైకు దించాలన్నది తప్పక మాట్లాడుకోవాలనిపించింది.

వయసు మీదపడి పక్ (హాకీ బిళ్ల) వేగాన్ని కన్ను అందుకోలేకపోతే, పేర్లు తడబడితే వినేవారికి నష్టమే, ఒప్పుకుంటాం. కానీ ఆట ఊపు మారబోతోందని గొంతులోనే తెలియజెప్పే నేర్పు ఏళ్ల తరబడి వస్తుంది. అలాంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వీడ్కోలు రోజును ఆయనతో కలిసే ఖాయం చేయాలని మా పట్టుదల.