అడవికి వెళ్ళేవాళ్ళూ, అన్నం వండేవాళ్ళూ

"విసుగొస్తోందోయ్, ఎక్కడికైనా అడవుల్లోకి పోవాలనిపిస్తోంది" అని మా వారు నెలకి రెండుసార్లయినా అంటూ వుంటారు. పోవడం మాత్రం మోండా మార్కెట్టు దాకానే. అదీ నేను సంచీ చేతికిస్తేనే! అంచేత ఆ మాటని నేనెప్పుడూ పట్టించుకోలేదు, వేసవి సెలవుల్లో మా అబ్బాయి ఆడుతున్న ఒక కంప్యూటర్ ఆట చూసేదాకా.

ఆట అంటే తుపాకులూ, కార్లూ అనుకుని నాలుగు కేకలేద్దామనే గదిలోకి వెళ్ళాను. తీరా చూద్దును గదా, సాయంకాలపు ఎర్రటెండలో తడిసిన అడవి! చేతిలో ఒక పటం, ఒక దిక్సూచి, మాట్లాడుకోవడానికి వాకీటాకీ, అంతే. "కూర్చోమ్మా, ఇది కథ" అన్నాడు వాడు. మన చిన్నప్పుడు వారపత్రికలో సీరియల్ చదువుతుంటే "చదివి చదివి చెడిపోతున్నారు" అన్నవాళ్ళు గుర్తొచ్చి, కేకలు మింగేసి కూర్చున్నాను. పొయ్యిమీద పులుసు సంగతి తరవాత గుర్తొచ్చింది లెండి.

ఆట పేరు 'ఫైర్‌వాచ్'. 2016లో కాంపో శాంటో అనే అమెరికా సంస్థ తయారుచేసింది. నాలుగైదు గంటల్లో అయిపోతుంది, ఒక నవల చదివినంతసేపు. కథ 1989 వేసవిలో, వయోమింగ్ రాష్ట్రపు అడవుల్లో జరుగుతుంది. అంతకు ముందు ఏడే ఆ పక్కనున్న ఎల్లోస్టోన్ అడవులు నిజంగానే తగలబడ్డాయి. ఎత్తయిన మంచె మీద కూర్చుని ఎక్కడైనా పొగ లేస్తోందేమో కనిపెట్టడం హెన్రీ అనే ఆయన ఉద్యోగం. అల్లంత దూరాన మరో మంచె మీదనుంచి డెలీలా అనే ఆవిడ వాకీటాకీలో కబుర్లు చెబుతుంది. ఆవిడ ముఖం చివరిదాకా కనపడదు.

బాగుంది కదూ? నాకూ బాగానే వుంది, ఆ పెద్దమనిషి అడవికి ఎందుకొచ్చాడో తెలిసేదాకా! ఆయన భార్య జూలియా చదువుకున్నది, పాఠాలు చెప్పేది. నలభై దాటిందో లేదో మతి తప్పే జబ్బు పట్టుకుంది. ఈయన కొన్నాళ్ళు చూశాడు. ఆ తరవాత ఆవిడ పుట్టింటివాళ్ళు ఆస్ట్రేలియా తీసుకుపోయారు. ఈయనగారు అడవికి వచ్చేశాడు! జూలియా కథంతా మొదట్లో తెరమీద వచ్చే నాలుగు అక్షరాల్లోనే. మిగతా ఆటంతా ఈయన నడకా, ఈయన బాధా.

మా అత్తగారికి మూడేళ్ళుగా ఇదే జబ్బు సుమండీ. నన్ను పొద్దున్న "అక్కయ్యా" అంటారు, సాయంత్రం "ఎవరమ్మా నువ్వు?" అంటారు. మామగారు రైల్వేలో చేశారు. ఆ బళ్ళ కూతలు మాత్రం ఆవిడ మరిచిపోలేదు. అర్ధరాత్రి లేచి "బండి వేళయింది, స్టేషనుకి పదండి" అంటారు. ఒకసారి తలుపు తీసుకుని చిలకలగూడ దాకా వెళ్ళిపోయారు కూడా. ఆనాటినుంచి వీధి తలుపు తాళంచెవి నా కొంగున ముడివేసుకుని పడుకుంటున్నాను. నాకు మాత్రం అడవంటే ఇష్టం లేదా? నల్లమల చూడాలని పెళ్ళినాటినుంచీ కోరిక. ఈ తాళంచెవి ఎవరి కొంగున ముడివేసి వెళ్ళమంటారు?

"అతను చెడ్డవాడు కాదమ్మా, బాధ తట్టుకోలేకపోయాడు" అన్నాడు మా వాడు. బాధ లేదని నేనన్నానా? బాధ ఇద్దరిదీ అయినప్పుడు, దాన్ని వదిలి నడిచిపోయే దారి ఒక్కరికే ఎందుకుండాలంటాను. లక్ష్మణుడు అడవికి వెళ్ళాడు, పూజలందుకున్నాడు. ఇంట్లో వుండిపోయిన ఊర్మిళకి మన ఆడవాళ్ళు పద్నాలుగేళ్ళ నిద్ర ఇచ్చి పాట కట్టుకున్నారు. ఆ పాట కట్టినావిడ గడుసుదండీ! మెలకువగా వుంటే ముగ్గురు అత్తగార్ల సేవ ఎవరు చేయాలి?

ఆటని తప్పుపట్టడం లేదు. దానికి ఈ సంగతి తెలుసు. అదే అడవిలో నెడ్ అని ఇంకొకాయన వుంటాడు. కొడుక్కి ఇష్టం లేకపోయినా కొండలెక్కడం నేర్పబోతే పిల్లవాడు గుహలో పడి పోయాడు. ఇంటికెళ్ళి ఆ మాట చెప్పలేక తండ్రి ఏళ్ళ తరబడి అడవిలోనే దాక్కున్నాడు. చివరికి అడవి అంటుకుంటుంది. అందరూ ఖాళీ చేయాల్సిందే. "వెళ్ళి జూలియాని చూడు" అంటుంది డెలీలా. పారిపోయినవాడిని అడవి కూడా ఎల్లకాలం దాచుకోదని చెప్పడమే కదా ఇది! మగవాళ్ళందరి చేతా ఒకసారి ఈ ఆట ఆడించాలి.

"రోగిని చూసుకునేవాళ్ళకి మాత్రం విశ్రాంతి అక్కర్లేదా?" అంటారేమో. నేననేదీ అదే! కావాలి, ఇద్దరికీ కావాలి, వంతులవారీగా కావాలి. ఇప్పుడు అడవిలో మంట లేస్తే ఆకాశంలో ఉపగ్రహాలు కనిపెడుతున్నాయి. మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్ళు ఆ పనిమీదే వున్నారు. ఇంట్లో ఇల్లాలి గుండెల్లో లేచే పొగని కనిపెట్టే ఉపగ్రహం మాత్రం ఇంకా ఎవరూ పంపలేదు. అంచేత ఎవరి పొగ వాళ్ళే చెప్పుకోవాలి.

నేను చెప్పేశాను. "ఏమండీ, దసరా వెళ్ళాక నేనూ మా అక్కయ్యా శ్రీశైలం బస్సెక్కి మన్ననూరులో దిగి, ఫర్హాబాదు కొండ మీదనుంచి నల్లమల చూసి వస్తాం. మూడు రోజులు." ఆయన పేపరు దించి "మరి అమ్మ?" అన్నారు.

చూశారా! ఇన్నేళ్ళుగా ఆయన అడవి మాట ఎత్తినప్పుడల్లా ఆ ప్రశ్న నా నోటనే రావాల్సి వుంది. ఆయన నోట రావడం ఇదే మొదలు.

నేనేమీ జవాబు చెప్పలేదు. కొంగుముడి విప్పి తాళంచెవి ఆయన జంధ్యానికి కట్టాను.