పది పాసైనవాడికి రక్షణ అక్కరలేదా?

బిలాస్‌పూర్ రైల్వే స్టేషనుకు చేరువలో తార్‌బహార్ అనే పేట ఉంది. 'తీగ బయట' అని ఆ పేరుకు అర్థం. రైలు పట్టాలను నమ్ముకొని తెలుగు కుటుంబాలు ఆ పట్టణంలో స్థిరపడి తరాలు గడిచిపోయాయి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పనివాళ్ల కోసం ఉత్తరాంధ్ర పల్లెల వైపు చూసింది. 1931లో విజయనగరం - రాయపూర్ లైను పూర్తిగా అందుబాటులోకి వచ్చాక రాకపోకలు మరింత సులువయ్యాయి. గ్యాంగ్‌మన్‌గానో, ఖలాసీగానో చేరినవాడు నెల జీతం, క్వార్టరు, పాసు, పింఛను సంపాదించుకున్నాడు. పరాయి భాష మాట్లాడే ఊరికి వలసపోతున్నా అతడిని వీసా అడిగినవారు లేరు.

మనుమడి కాలానికి పరిస్థితి తలకిందులైంది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఏర్పడి పట్టణానికి ప్రతిష్ఠ పెరిగిన మాట నిజమే. కాని కొలువుల గేటు మాత్రం నానాటికీ ఇరుకైంది. రైల్వే శాఖ 2019లో 1,03,769 లెవెల్-1 పోస్టులు ప్రకటిస్తే దేశం మొత్తమ్మీద కోటీ 15 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చిపడ్డాయి. రాతపరీక్ష జరిగింది 2022లో! మూడేళ్లు పుస్తకం పట్టుకొని కూర్చున్న కుర్రవాడికి వయసు మీదపడింది తప్ప వేరే లాభం కలగలేదు. ఐటీఐలో వెల్డింగు, ఫిట్టింగు నేర్చినవాడి చూపు ఇక సముద్రం దాటక ఏం చేస్తుంది?

అలాంటివాడికి దారి చూపేవాడు చాలాసార్లు సొంతవాళ్లలోనే ఉంటాడు. సోంపేట, కంచిలి ప్రాంతాల నుంచి ఏళ్ల తరబడి గల్ఫ్‌కు వెళుతున్నవారున్నారు. ఊళ్లోని మేనమామకు తెలిసిన ఏజెంటు, ఆ ఏజెంటుకు ముంబయిలో తెలిసిన మరో ఏజెంటు... ఈ గొలుసులో ప్రతి కొక్కేనికీ ఒక ధర ఉంటుంది. నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి పుచ్చుకోరాదని నిబంధన. సబ్ ఏజెంటు అనే మనిషికి చట్టంలో చోటే లేదు. అయినా గ్రామాల్లో, రైల్వే కాలనీల్లో కనిపించేది ఆ చోటు లేని మనిషే. లైసెన్సు ఉన్నవాడు మహానగరంలో ఏసీ గదిలో ఉంటాడు. విదేశాంగ శాఖ తన ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో బయటపెట్టిన అక్రమ ఏజెంట్ల సంఖ్యే మూడు వేలు దాటింది. పేర్లు ప్రకటించడంతో బాధ్యత తీరిందనుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. 'ఆజాద్ వీసా' అని నమ్మబలికినవాడు పోర్టల్ చూసి సిగ్గుపడతాడా?

అసలు లోపం చట్టంలోనే ఉంది. 1983 నాటి వలసల చట్టం కింద గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లే అల్ప విద్యావంతుడు ప్రవాస రక్షణాధికారి అనుమతి తీసుకోవాలి. ఆ అధికారి ఒప్పందం చూస్తాడు, జీతం చూస్తాడు. ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో మరణించినప్పుడు కుటుంబానికి 10 లక్షలు అందుతాయి. అయితే పదో తరగతి పాసైనవాడికి ఈ అనుమతితో నిమిత్తం లేదు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తానే చూసుకోగలడని చట్టం భావన.

పదో తరగతి గొప్ప చదువుగా చెల్లిన రోజుల్లో ఆ భావనకు కొంత అర్థం ఉండేదేమో. నేడు రైల్వే పట్టణంలో పది పాస్ కాని కుర్రవాడిని వెతికి పట్టుకోవలసిందే. అంటే తార్‌బహార్ నుంచి వెల్డరుగా వెళ్లే యువకుడు రక్షణ కంచెకు కూడా బయటివాడే. అతడి ఒప్పందాన్ని విమానం ఎక్కేలోగా చదివే అధికారి ఎవరూ లేరు. ఇటువంటి వారి వివరాలను కూడా తప్పనిసరిగా నమోదు చేయాలని కేంద్రం 2018లో ఆదేశించి, అమల్లోకి రాకముందే పక్కనపెట్టేసింది. అనుమతి పత్రాన్ని అడ్డంకిగా చూసే చదువుకున్న మధ్యతరగతికి అది ఊరటే. ఆ ఊరటకు మూల్యం చెల్లిస్తున్నది మాత్రం వేరేవాళ్లు.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు వెలికితీసిన ఉదంతం ఇందుకు తార్కాణం. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, లక్షన్నర దాకా గుంజి, తెలుగు యువకులను కంబోడియాకు తరలించారు. అక్కడ వారిచేత చేయించినది సైబర్ మోసాలు. కంబోడియా ఆ 18 దేశాల జాబితాలోనే లేదు. వెళ్లినవారంతా కంప్యూటర్ తెలిసినవారే. 2025 మార్చిలో మయన్మార్ ముఠాల చెర నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను వైమానిక దళ విమానాల్లో తీసుకురావలసి వచ్చింది. వారిలోనూ తెలుగువారున్నారు. చదువు వారిని కాపాడలేదు సరికదా, వలలో పడేసింది.

సక్రమంగా వెళ్లినవారికైనా భద్రత ఉందా అంటే అదీ అంతంతమాత్రమే. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల వసతి భవనం తగలబడి 45 మంది భారతీయులు బలైపోయారు. మృతుల్లో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాసులు, ఒకరిది శ్రీకాకుళం జిల్లా. ఇక ఇంజినీరింగ్ చదివిన పిల్లల అమెరికా కలల మాటకొస్తే, ఏటా 85 వేలకే పరిమితమైన హెచ్-1బీ వీసాల్లో కొత్త దరఖాస్తులకు 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము విధించారు. ఆ కష్టాలకు పత్రికల్లో పతాక శీర్షికలు దక్కుతాయి. వెల్డరు కష్టం జిల్లా పేజీ దాటదు.

పొరుగు రాష్ట్రాల తెలుగువారిది మరో అవస్థ. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన తమ కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం 2024లో ప్రకటించింది. విదేశీ నియామకాలకు 'టామ్‌కామ్' సంస్థను నడుపుతోంది. ఆంధ్రప్రదేశ్‌కు 'ప్రవాసాంధ్ర భరోసా' బీమా పథకం ఉంది. బిలాస్‌పూర్ చిరునామాతో పాస్‌పోర్టు ఉన్న తెలుగువాడికి ఈ రెండు తలుపులూ తెరుచుకోవు. గల్ఫ్ వలసల్లో ఛత్తీస్‌గఢ్ వాటా ఉత్తరప్రదేశ్, బిహార్‌లతో పోలిస్తే స్వల్పం కాబట్టి అక్కడి ప్రభుత్వానికి ఇది సమస్యగానే తోచదు. రెండింటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

ప్రభుత్వానికి చేతకాక ఇలా జరుగుతోందా? కానే కాదు. ఇజ్రాయెల్‌కు భవన నిర్మాణ కార్మికులు కావలసివచ్చినప్పుడు 2024 జనవరిలో రోహ్‌తక్‌లో, లక్నోలో ప్రభుత్వ పర్యవేక్షణలోనే పని పరీక్షలు పెట్టి ఎంపిక చేశారు. యుద్ధం జరుగుతున్న దేశానికి పంపడం ఉచితమా అనేది వేరే వివాదం. ఏజెంటు లేకుండా ఎంపిక సాధ్యమని మాత్రం రుజువైంది. రోహ్‌తక్‌లో సాధ్యమైనది బిలాస్‌పూర్‌లో, విశాఖలో ఎందుకు కాదు?

1983 చట్టం స్థానంలో తేదలచిన కొత్త బిల్లు ముసాయిదాను కేంద్రం 2025 అక్టోబరులో విడుదల చేసింది. అందులో పదో తరగతి గీతకు బదులు చేసే పనిని, వెళ్లే దేశాన్ని బట్టి రక్షణ నిర్ణయించాలి. బీమా అందరికీ వర్తింపజేయాలి. సబ్ ఏజెంటును లేనట్లు నటించడం మాని, అతడికి నమోదు తప్పనిసరి చేసి, అతడి తప్పుకు లైసెన్సుదారును బాధ్యుడిని చేయాలి. రిజర్వేషన్ కౌంటర్లు ఉన్న ప్రతి పెద్ద రైల్వే పట్టణంలో ఒప్పందం చదివి చెప్పే ఒక గుమాస్తాను, ఒక బల్లను ఏర్పాటు చేయడానికి ఖజానా ఏమీ ఖాళీ కాదు. కోర్బా - విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఏజెంటును వెతుక్కుంటూ బయల్దేరేవాడు ముందుగా ఆ బల్ల దగ్గర ఆగగలగాలి.