మాటకు వారధి కావలెను

ఆశ్వయుజ మాసము సమీపించిన కొలదియు శ్రీకాకుళ మండల తీరవాసుల చూపులు తూర్పు దిక్కునకు మరలుచుండును. అది యకారణ భయము కాదు. 2013 అక్టోబరు 12వ తేదీని ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటి ఇచ్ఛాపుర, సోంపేట ప్రాంతములను కుదిపివేసెను. సరిగా నొక సంవత్సరమునకు, 2014లో నదే తేదీని, హుద్‌హుద్ విశాఖపట్టణముపై విరుచుకుపడి విజయనగర, శ్రీకాకుళ మండలములను చీకటిలో ముంచెను. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ పలాస చెంత తీరము దాటి, ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టము గావించెను. మూడు తుపానులకును తేదీలలో భేద మొక్క దినము మాత్రమే. ప్రకృతి యింత స్పష్టముగా హెచ్చరించిన పిమ్మటను సిద్ధముగా లేకుండుట మన లోపమే గాని దైవలోపము గాదు.

తుపానులో నిండ్లు కూలుటయు, చెట్లు పడుటయు నెల్లరు నెరిగినదే. మాట పడిపోవుటను గూర్చి చర్చించువారు మాత్ర మరుదు. కరెంటు స్తంభము లొరిగినంతనే సెల్‌ఫోను టవర్లు బ్యాటరీలలో శక్తి యున్నంతసేపు పలికి, అటుపై మూగవోవును. హుద్‌హుద్ నాడు విశాఖ వంటి మహానగరమే బంధువుల క్షేమ మరయలేక తల్లడిల్లెను. అపుడు హైదరాబాదు నుండి హామ్ రేడియో కార్యకర్తలు తమ యంత్రములతో వచ్చి వార్త లందించిరి. రేడియో వారికి జీవనోపాధి కాదు, వ్యాసంగము. అయినను వారి సేవ కొనియాడదగినది.

ప్రభుత్వ శాఖలకు వైర్‌లెస్ యంత్రములు లేవా యని పాఠకు లడుగవచ్చును. కలవు. పోలీసులకు గలవు, రైల్వేవారికి గలవు, జాతీయ విపత్తు స్పందన దళమునకు గలవు. అయితే నెవరి తరంగములు వారివి. పక్కపక్కనే నిలిచిన యిరువురి చేతులలో రెండు రేడియో లున్నను, ఒకరి పిలుపు వేరొకరికి జెవిటివాని ముందు శంఖ మూదినట్లే యగుచున్నది.

ఆపద తుపాను రూపముననే రాదు. 2017 జనవరి 21వ తేదీ రాత్రి కూనేరు వద్ద హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు నలువది మంది మరణించిరి. ఆ చోటు ఒడిశా సరిహద్దు చెంతనే యున్నది. 2023 అక్టోబరు 29వ తేదీని, చీకటి పడిన పిమ్మట, కంటకాపల్లి చెంత రెండు పాసింజరు బండ్లు ఢీకొనెను. ఇట్టి తావులకు రాయగడ నుండి యొకరు, పార్వతీపురము నుండి యొకరు, విశాఖ నుండి వేరొకరు పరుగిడి వత్తురు. ఏ పెట్టెలో క్షతగాత్రు లున్నారు, ఏ ఆసుపత్రిలో మంచములున్నవి యను సంగతి యందరికి నేకకాలమున దెలియవలదా?

ఇది మన దేశపు దారిద్ర్యము వలన గలిగిన లోపమని యనుకొనరాదు. 2001 సెప్టెంబరు 11వ తేదీని న్యూయార్కులో మొదటి గోపురము కూలిన పిమ్మట, రెండవదియు కూలనున్నదని పోలీసు హెలికాప్టరులోని వారు గ్రహించి హెచ్చరించిరి. ఆ హెచ్చరిక పోలీసు తరంగములపై సాగెను గాని, లోపలనున్న అగ్నిమాపక భటులలో ననేకులకు జేరలేదు. నాడు 343 మంది అగ్నిమాపక సిబ్బంది నేలకొరిగిరి. అందరి మరణమునకు నిదియే కారణమని మే మనము. అయినను ధనమున్నంత మాత్రమున మాట కలియదని యా దినము లోకమునకు నేర్పినది.

విరుగుడు దుర్లభము కాదు. చేతితో మోసికొని పోదగిన పెట్టె యొకటి కలదు. ఒక్కొక్క శాఖ రేడియోను తీగెతో దానికి దగిలింతురు. ఒక రేడియోలో వినబడిన మాట నా పెట్టె గ్రహించి, తక్కినవానిని దానే పలుకజేసి, వారి వారి తరంగములపై వినిపించును. బ్యాటరీతోనైనను, చిన్న జనరేటరుతోనైనను నడచును. కాని పెట్టె కొన్నంత మాత్రమున పని తీరదు. ఒక్కొక్క రేడియోకు దగిన తీగె వేరు. ధ్వని హెచ్చుతగ్గులను ముందుగా సరిచూడవలెను. ఏజెన్సీ కొండల మాటున తరంగ మాగిపోవును గావున ఎత్తైన తావు నెన్నుకొనవలెను. ఇవన్నియు గాలివాన మొదలైన పిమ్మట నేర్చికొన జూచుట యిల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వ బూనుటయే.

అందరిని గలిపిన సంతగోల యగునని కొంద రాక్షేపింతురు. ఆక్షేపణ నిజమే. కావుననే దళనాయకుల మాటలను మాత్రమే కలిపి, తక్కినవారిని తమ తమ తరంగములపై నుండనీయవలెను. ఒక శాఖ సంకేతములు వేరొక శాఖకు దెలియవు గనుక తేట తెలుగుననే మాటలాడవలెను.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము జిల్లాకొక సంస్థ నేర్పరచి కలెక్టరును దాని కధ్యక్షుని జేసినది. అధికార మున్నది, కావలసినది పూనిక. శ్రీకాకుళము, విజయనగరము, 2022లో నేర్పడిన పార్వతీపురం మన్యము, ఈ మూడు జిల్లాల యందును నిట్టి పెట్టె యొక్కొక్కటి సిద్ధముగా నుండవలెను. దానికి పేరు చెప్పి యొక బాధ్యుని నియమింపవలెను. ఏటేట సెప్టెంబరులో నొక దినము సెల్‌ఫోను ముట్టక, ఇచ్ఛాపురము నుండి పార్వతీపురము వరకు, ఒడిశా పొరుగువారిని గూడ బిలిచి, వార్త నడిపి చూడవలెను. మన కళాశాలల యువకులు ప్రభుత్వ పరీక్ష నిచ్చి హామ్ లైసెన్సు పొందుటయు దేశసేవయే.

తమ శాఖ గౌరవమునకు భంగమని యొకరి మాట వేరొకరు వినకుండు నలవాటు ఆపత్కాలమున ప్రాణాంతకము. అక్టోబరు మరల వచ్చును. అంతకు ముందే యీ మాటల వారధి కట్టబడునట్లు అధికారులను బురికొల్పుడని మా పాఠకులను గోరుచున్నాము.